మా సీమలో నీళ్లు దాగిన చోట్లు

మా చిన్నతనంలో జమ్మలమడుగు ప్రాంతపు ఇళ్లలో ఊళ్లు చూసి రావడానికని బయలుదేరే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. మొక్కు తీర్చుకోవాలంటే మహానంది, పుట్టువెంట్రుకలు తీయించాలంటే అహోబిలం, శివరాత్రి వస్తే యాగంటి, పెళ్లి కుదిరితే బట్టలకూ బంగారానికీ ప్రొద్దుటూరు; ఏదో ఒక పని లేకుండా బస్సెక్కేవాళ్లను మా అవ్వ కాస్త అనుమానంగానే చూసేది. ఆ పనుల మధ్య దొరికిన పూటలలోనే నేను ఈ నేలను చూశాను. ఇప్పుడు యాత్రికుల కోసం వేసే కరపత్రాలలో గండికోట ఒక పెట్టెలో, బెలుం గుహలు మరొక పెట్టెలో, యాగంటి, మహానంది ఇంకో పుటలో కనిపిస్తాయి. నా జ్ఞాపకంలో మాత్రం అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, ఎందుకంటే కరువుకు పేరుబడ్డ మా వైపు మనుషులు మెచ్చి మొక్కిన చోట్లన్నీ ఏదో ఒక విధంగా నీళ్లు చేసినవో, నీళ్లు దాచుకున్నవో అయి ఉండడం నేను పెద్దయ్యాక గమనించాను.

ముందుగా పెన్నేటి గురించి చెప్పాలి. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, ఉత్తరంగా అనంతపురం సీమలోకి వచ్చి, తూర్పుకు తిరిగి తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సిద్ధవటం మీదుగా నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది అది. మాకు మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్నేరంటే ఇసుకే. ఆ ఇసుకలో మోకాటి లోతున చెలమ తీస్తే అడుగున మెల్లగా నీరు ఊరేది. మొదట వచ్చిన మడ్డి నీటిని చిప్పతో ఎత్తి పారబోసి, తేటపడేదాకా ఓపికగా కూర్చుని, ఆ తరువాతే బిందె ముంచేవారు ఆడవాళ్లు. ఎగువన వానలు పడి ఏరు వచ్చిందంటే అది ఊరికి పండుగ. బడి విడిచేదాకా ఆగలేక పిల్లలూ, పొలం పనులు ఆపుకుని పెద్దలూ గట్టు మీదికి చేరేవారు. ఎర్రటి నీళ్లు కసువునూ కొమ్మలనూ మోసుకుంటూ పోతుంటే గంటల తరబడి చూసేవాళ్లం. ఎండిన ఏరే ఒకప్పుడు గండికోట దగ్గర కొండను నిలువునా కోసిందని చెబితే, అప్పట్లో మాకు నమ్మబుద్ధి కాలేదు.

గండికోటకు మమ్మల్ని మొదట తీసుకువెళ్లినది మా పెద్దనాయన. ఆయన నాపరాళ్ల గనిలో మేస్త్రీగా పనిచేసేవాడు, రాయిని చూస్తే మనిషిని చూసినట్టు పలకరించేవాడు. కోటలోపలే ఊరు ఉంది, ఆ ఊళ్లో మాకు దూరపు బంధువుల ఇల్లు ఉంది కాబట్టి, అక్కడికి వెళ్లడం అవ్వ దృష్టిలో తప్పు కాలేదు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల దారి. ఎర్రమల కొండలు దగ్గర పడే కొద్దీ ఎర్రటి గోడలు బురుజులతో సహా కనబడతాయి. పెద్ద తలుపులున్న గుమ్మం దాటి వంకర దారిలో లోపలికి వెళితే ఊరు, ఊరు దాటితే మాధవరాయస్వామి గుడి గోపురం, ఆ పక్క జామియా మసీదు, వాటి నడుమ ఎత్తైన కప్పుతో ధాన్యాగారం, నాలుగు మూలలా స్తంభాలతో ఊరివాళ్లు చార్మినారు అని పిలుచుకునే చిన్న కట్టడం వరుసగా వస్తాయి. పావురాల కోసం కట్టినదని కొందరు చెప్పే ఆ కట్టడం చుట్టూ ఆ రోజుల్లో మేకలు మేసేవి.

లోయ అంచుకు వెళ్లినప్పుడు అప్పటికి అక్కడ ఏ కంచే లేదు. పెద్ద పెద్ద చదరపు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండి, చివరి బండ తరువాత ఒక్కసారిగా నేల లేకుండా పోతుంది. దాదాపు మూడు వందల అడుగుల కింద ఆకుపచ్చగా పెన్నేరు, ఎదురుగా అదే ఎరుపు రంగు గోడ. "అంచుకు పోవాకండి రా, గాలికి తూలి పడ్తారు" అని వెనుక నుంచి బంధువులావిడ అరుస్తూనే ఉంది. పెద్దనాయన మాత్రం బోర్లా పడుకుని తల మాత్రమే ముందుకు చాచి చూడడం నేర్పాడు. "ఇది మన నాపబండ కాదబ్బీ, ఉలికి అంత సులభంగా లొంగదు. దీన్ని ఏరు ఎట్ల కోసిందో సూడు, సందు దొరికిన చోటల్లా దూరింది" అన్నాడు. ఆయనకు భూగర్భ శాస్త్రం తెలియదు, కానీ ఆ మాట సరైనదేనని తరువాత చదువుకున్నప్పుడు తెలిసింది. అక్కడిది క్వార్ట్‌జైట్ రాయి. శాస్త్రజ్ఞులు దానికి గండికోట పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్లు దాటిన ఆ రాతి పొరలలో నిలువుగానూ అడ్డంగానూ పడిన చీలికల వెంట నీరు దిగి, రాయిని పలకలుగా విడదీసి, యుగాల పాటు లాక్కుపోయింది. మన కడప పేరుతోనే ఒక శిలా సముదాయం ప్రపంచమంతటి భూగర్భ శాస్త్ర గ్రంథాలలో ఉందనీ, 1872లోనే విలియం కింగ్ అనే అధికారి కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక ప్రకటించాడనీ తెలిసినప్పుడు పెద్దనాయన బతికి ఉంటే చెప్పి మురిపించేవాణ్ణి.

కోటలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది మాధవరాయస్వామి గుడి. గోపురం ఉంది, చెక్కిన స్తంభాల మండపం ఉంది, గర్భగుడిలో దేవుడు లేడు. విగ్రహాన్ని మైదుకూరుకు తరలించారని పెద్దలు చెబుతారు. పెమ్మసాని నాయకులు విజయనగర రాజులకు అండగా ఈ కోటను ఏలినంత కాలం వెలిగిన గుడి అది. 1650లో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. రెండేళ్ల తరువాత, 1652లో, ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిసి తన యాత్రా గ్రంథంలో ఆ సంగతులు రాసుకున్నాడు. చరిత్ర ఇంత పొడిగా ఉంటే ఊరివాళ్లకు చాలదు కదా. కోటను గెలవలేక మోసంతో పాలకుడికి విషం పెట్టించారన్న కథను బంధువుల ఇంటి పెద్దాయన ఆ రాత్రి మిద్దె మీద కూర్చుని, తాను చూసినట్టే చెప్పాడు. యుద్ధం అయ్యాక కత్తులు కడిగారని చెప్పే కత్తుల కోనేరును మరునాడు చూపించారు. ఆ నీళ్లలో ఎరుపు కనిపిస్తుందేమోనని పిల్లలమంతా వంగి వంగి చూశాం.

ఆ కొండ కొనన కోట కట్టినవాళ్లు మూడు వైపులా లోయను చూసి మాత్రమే ఆ చోటు ఎంచుకుని ఉండరని నా నమ్మకం. కింద ఉన్న నదిని శత్రువు ముట్టడిలో అందుకోలేరు, అందుకే పైన రాయల చెరువును తవ్వి, అక్కడి నుంచి నీటిని కోటలోకి మళ్లించుకున్నారు. ధాన్యాగారం ఎంత ముఖ్యమో చెరువు అంతకన్నా ముఖ్యం. ఇప్పుడు చాలామంది గండికోటను అమెరికాలోని మహాలోయతో పోల్చి, ఆ పేరే దీనికి తగిలించి పిలుస్తున్నారు. దానికి సొంత పేరు ఉండగా అరువు పేరు ఎందుకో నాకు అర్థం కాదు. అక్కడి కొలతలు వేరు, ఇక్కడ లోయ అంచున గుడీ మసీదూ గాదె ఒకే చూపులో నిలబడడం వేరు.

అదే పెమ్మసాని వంశం వారు పెన్నేటి ఎగువ గట్టున తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర ఆలయాన్ని కట్టించారు. పెళ్లికి వెళ్లినప్పుడు చూశాను. పెళ్లి భోజనంలో ఏమి వడ్డించారో మరిచిపోయాను గాని, పూర్తికాకుండా ఆగిపోయిన ఆ గోపురాల మీద అంగుళం ఖాళీ లేకుండా చెక్కిన పని ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నల్లటి రాయిని అంత సన్నగా చెక్కిన చేతులు మధ్యలో ఎందుకు ఆగాయో అని మా అక్క ఆ రోజంతా అడుగుతూనే ఉంది. గర్భగుడిలో లింగం కింద నుంచి ఊట ఉబికి వస్తుంది, ఆ బుగ్గ వల్లే ఆ పేరు. బయట ఏరు ఇసుక మేటలతో ఎండి ఉంటే, గుళ్లో దేవుడి పాదాల దగ్గర నీరు తడిగా మెరవడం చూసి మా అవ్వ ఆ నీటిని తల మీద చల్లుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం కూడా చూడదగినది, తాడిపత్రికి వచ్చినవాళ్లు దాన్ని వదిలేసి వెళ్లడం పొరపాటు.

తాడిపత్రి నుంచి కొలిమిగుండ్ల దారి పడితే నేల రంగు మారుతుంది. ఎరుపు పోయి బూడిద రంగు నాపరాళ్లు వస్తాయి. ఇంటి గోడ నాపరాయి, పైకప్పు నాపరాయి, పొలం గట్టు నాపరాయి. ఈ సున్నపురాతి నేల కిందే బెలుం గుహలు ఉన్నాయి. మా పెద్దనాయనకు ఆ వైపు పనివాళ్లు తెలుసు. వాళ్లు పొలం మధ్య బావుల్లాంటి గుంతలు ఉన్నాయనీ, వాటిలోకి దిగినవాళ్లకు చల్లగాలి తగులుతుందనీ, దీపం పట్టుకుని లోపలికి పోతే దారి అయిపోదనీ చెప్పేవారు. ఆ రోజుల్లో మేము గుంత ఒడ్డున నిలబడి లోపలికి రాయి విసిరి చప్పుడు విన్నామంతే, దిగనివ్వలేదు.

ఆ గుంతలను 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గుర్తించి నమోదు చేశాడు. తరువాత దాదాపు ఒక శతాబ్దం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 1982 నుంచి 1984 వరకు డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మనీ నుంచి వచ్చిన గుహాన్వేషకులు లోపల కొలిచి పటాలు గీశారు. ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ లోపల పేరుకున్న బురదను ఎత్తిపోయించి, మెట్లూ దీపాలూ గాలి గొట్టాలూ అమర్చాక, 2002లో జనానికి పూర్తిగా తెరుచుకుంది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో నడిచి చూడనిచ్చేది దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. ఆ సంఖ్య చిన్నదిగా అనిపించవచ్చు. కానీ ఉక్కలో చెమట కారుతూ, అక్కడక్కడ నడుము వంచి, మలుపు మలుపునా గోడ మీద చెయ్యి వేసుకుంటూ వెళుతుంటే అది ఒకటిన్నర కిలోమీటర్లని ఎవరూ అనుకోరు.

పెద్దవాణ్ణయ్యాక నేను లోపలికి దిగినప్పుడు ముందుగా గుర్తుకు వచ్చినది పెద్దనాయన చేతి పని. గని గోడలో నాపరాయి పొరలు పుస్తకం పుటల్లా కనబడతాయి, అవే పొరలు ఇక్కడ ఉలి తగలకుండానే నున్నగా వంపులు తిరిగి ఉన్నాయి. పుల్లని వాన నీరు సున్నపురాయిని కరిగిస్తూ, పగుళ్ల వెంట ప్రవాహంగా పారి, ఈ దారులన్నీ తొలిచింది. కప్పు నుంచి వందల సంఖ్యలో లింగాల్లా దిగిన కోటిలింగాల చోటు, ఊడల మర్రి, వేయిపడగలు, తడితే రాగంలా మోగే సప్తస్వరాల గుహ, వీటికన్నా నన్ను ఆపినది పాతాళగంగ. అది అన్నిటికన్నా లోతైన చోటు, నేల మట్టానికి 46 మీటర్ల కింద ఉంది. అక్కడ చిన్న నీటి పాయ ఎక్కడి నుంచో వచ్చి రాతి సందులోకి మాయమవుతుంది. అది భూమి లోపలే పారి బెలుం ఊరి బావిలో తేలుతుందని ఊరివాళ్ల నమ్మకం. పైన వేసవిలో కొర్రా జొన్నా ఎండిపోయే పొలం ఉంటే, దాని కిందే నీరు తన దారిన తాను పోతూ ఉంది. గుహలో రంగురంగుల దీపాలు పెట్టడం నాకు నచ్చలేదు. రాతి రంగే కనబడేలా తెల్ల వెలుగు చాలు.

బెలుం నుంచి బనగానపల్లె వైపు వెళితే యాగంటి. శివరాత్రికి బస్సులు కిక్కిరిసి ఉండేవి, కాలు పెట్టే చోటు దొరకక కొందరు పైన ఎక్కి కూర్చునేవారు. కొండ గోడల మధ్య ఇమిడిన ఆ ఉమామహేశ్వరుడి గుడిలో కోనేరే నాకు ప్రధానం. కొండ లోపల నుంచి నంది నోటి ద్వారా ఎడతెగకుండా నీరు వచ్చి పడుతుంది; శీతాకాలం తెల్లవారుజామున అందులో మునిగితే ఒళ్లు కొంకర్లు పోయేది. ఇక యాగంటి బసవయ్య. ఆ నంది ఏటేటా పెరుగుతున్నాడనీ, అందుకే చుట్టూ ప్రదక్షిణం చేసే వీలు పోయిందనీ, ఒక స్తంభం తీసివేయవలసి వచ్చిందనీ పూజారులు చెబుతారు. కలియుగాంతంలో అది లేచి రంకె వేస్తుందని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం చెప్పిన మాట మా అవ్వకు కంఠస్థం. చిన్నప్పుడు మేము నంది ఎదురుగా నిలబడి నిజంగానే కొంచెం భయపడేవాళ్లం. అగస్త్యుడి శాపం వల్ల కాకి వాలదని చెప్పే ఆ గుళ్లో పైకి చూస్తూ కాకుల కోసం వెతకడం అన్నదమ్ములకు మాకో ఆట. బనగానపల్లె దగ్గర రవ్వలకొండలో బ్రహ్మంగారు పశువులు కాస్తూ కాలజ్ఞానం రాశారని చెప్పే గుహలు కూడా చూశాం. ఎండాకాలమైతే అక్కడి నుంచి మామిడికాయలు గోనె సంచితో తెచ్చి, మంచం కింద వరిగడ్డిలో మాగవేసేవారు. బేనిషాన్‌గా ఊరూరా అమ్ముడయ్యే ఆ పండుకు ఈ ఊరి పేరే ఉందని మాకెంత గర్వమో!

మహానంది గురించి ఎవరికీ చెప్పవలసింది లేదు గాని, ఒక్క సంగతి రాయాలి. నల్లమల అంచున ఉన్న ఆ గుడి కోనేరులో నీరు ఎంత తేటగా ఉంటుందంటే, అడుగున పడిన నాణెం బొమ్మా బొరుసూ తెలుస్తుంది. ఆ నీరు దిగువ పొలాలకు పారి అరటి తోటలు పెంచుతుంది. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన మా అవ్వకు దేవుడి కన్నా ముందు కనబడినవి ఆ తోటలే. "ఇంత నీళ్లు పెట్టుకుని వీళ్లు ఏం మొక్కుకుంటారే" అని మా అమ్మను అడిగింది.

అహోబిలం మాత్రం నడక తెలిసినవాళ్లకు. దిగువ అహోబిలంలో పని ముగించుకుని తిరిగి వచ్చే కుటుంబాల పిల్లలకు పైన ఏముందో తెలియదు. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట రాళ్లు దాటుతూ జ్వాలా నరసింహుడి దాకా ఎక్కితే, కొండ కప్పు నుంచి జలధార గుడి ముందే పడుతుంది. నేను కాలేజీ రోజుల్లో స్నేహితులతో వెళ్లి, ఉగ్రస్తంభం ఎక్కడానికి ఓపిక చాలక కిందే కూర్చున్న బృందంలో చేరాను.

కడప చుట్టూ ఉన్నవి కొంత ఆలస్యంగా చూశాను. పుష్పగిరిలో చెన్నకేశవాలయం గోడల మీద కిరాతార్జునీయం కథ చెక్కి ఉంది. ఐదు ఏరులు కలిసే చోటని చెప్పే ఆ గట్టున నిలబడితే, నీరున్న నెలలలో పెన్నేరు గుడి మెట్లను ఒరుసుకుంటూ పారుతుంది. ఒంటిమిట్టలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు. శిథిలావస్థకు వచ్చిన ఆ గుడి కోసం, ఆంధ్ర వాల్మీకిగా పేరొందిన వావిలకొలను సుబ్బారావు (1863–1936) టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా యాచించి డబ్బు పోగుచేశాడు. మా జేజినాయన ఆయన పేరు ఎత్తినప్పుడల్లా కూర్చున్నచోటి నుంచి కొంచెం లేచేవాడు. ఊళ్లన్నిటా నవమి నాడు పట్టపగలు జరిగే సీతారాముల కల్యాణం అక్కడ పౌర్ణమి వెన్నెలలో జరుగుతుంది. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కల్యాణాన్నే రాష్ట్ర ఉత్సవంగా చేస్తోంది. ఇప్పుడు జనం లక్షల్లో వస్తున్నారు, మేము చూసిన రోజుల్లో చాపలు పరుచుకుని కూర్చునేంత చోటు ఉండేది.

ఇటీవలి మార్పులలో పెద్దది గండికోట జలాశయం. శ్రీశైలం నుంచి కృష్ణా నీరు కాలువల మీదుగా అవుకు చేరి, కొండ కింద సొరంగం దాటి ఇక్కడికి వస్తుంది. 26.85 టీఎంసీల నీటిని నిలిపే ఆ జలాశయంలో కొండాపురం, తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. మా మేనత్త వాళ్ల ఇల్లు కూడా ముంపులో పోయింది. వాళ్లు కొత్త కాలనీలో ఇప్పటికీ పాత ఊరి వీధుల క్రమంలోనే ఒకరిళ్లను ఒకరు గుర్తు చెప్పుకుంటారు. దిగువన మైలవరం జలాశయం నీళ్లు ఎగదన్ని లోయలో నిలవడం వల్ల, మా చిన్నప్పుడు ఎండాకాలంలో బండలు తేలే చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. మేనత్త మొదటిసారి ఆ పడవ ఎక్కినప్పుడు మాట్లాడకుండా ఒడ్డును లెక్కపెట్టుకుంటూ కూర్చుందని ఆమె కొడుకు చెప్పాడు. ఆ నీటి వల్లే మా వైపు బోర్లు నిండి చీనీ (బత్తాయి) తోటలు పచ్చబడిన సంగతీ నిజమే, రెండింటిలో ఒకదాన్నే చెప్పడం నాకు చేతకాదు.

వెళ్లాలనుకునేవారు కార్తీకం నుంచి మాఘం దాకా ఎంచుకుంటే మంచిది. వేసవిలో గండికోట బండ మీద పదిగంటల తరువాత చెప్పులతో నిలబడినా కాలు కాలుతుంది, బెలుంలో ఉక్కపోత భరించరానిదిగా ఉంటుంది. తెల్లవారేసరికి కోటలో ఉండి, మధ్యాహ్నానికి బెలుం గుహల్లో దిగి, సాయంత్రానికి యాగంటి కోనేటికి చేరుకోవచ్చు. జమ్మలమడుగులో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయలుదేరండి. కోటలో కొండెక్కాక దొరికే టిఫిన్ల మీద నాకు నమ్మకం తక్కువ.